కట్టెల పొయ్యి పెట్టుకునే గుడారం ఇంట్లో కుట్టొచ్చా? కుట్టొచ్చు, కానీ ముందు పొయ్యి కొనండి

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటారు. డిసెంబరులో ముగ్గురు స్నేహితులు కలిసి లంబసింగిలో తెలిసినవాళ్ళ కాఫీ తోటలో మూడు రాత్రులు ఉండాలి. చిన్న కట్టెల పొయ్యి గుడారం లోపలే వెలిగించుకోవాలి. మీ దగ్గరున్న పాత నైలాన్ టెంటుకి కన్నం చేసి పైపు బయటికి తీస్తే సరిపోతుందా, లేక కొత్తది కుట్టాలా? కుట్టాలంటే ఏ గుడ్డ, ఎన్ని మీటర్లు, అమ్మగారి కాలి మిషన్ మీద అవుతుందా?

నాది హిందూపురం వైపు. బెంగళూరు వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. గుడారాలు కుట్టడం నాకో పిచ్చి. ఇప్పటికి ఐదు కుట్టాను, అందులో రెండు చెడగొట్టాను. కింద చెప్పేవాటిలో సగం ఆ రెండూ నేర్పినవే.

ముందు నైలాన్ సంగతి తేల్చేద్దాం. వద్దు. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, పాలియెస్టర్ కూడా 260 దగ్గరే. చిన్న పొయ్యి బాగా రాజుకుంటే పైపు కింది భాగం అంతకంటే వేడెక్కడం మామూలే. పైగా పైపు మూతి నుంచి ఎగిరే రవ్వలు పడిన చోటల్లా నైలాన్‌కి చిల్లులు పడతాయి. విదేశాల్లో నైలాన్‌తోనే పొయ్యి గుడారాలు అమ్ముతారు, నిజమే. వీపున మోసుకెళ్ళేవాళ్ళకి బరువు ముఖ్యం, అందుకని ఆ చిల్లుల్ని భరిస్తారు. మీరు కారులో వెళ్తున్నారు. నూలు గుడ్డ కరగదు. రవ్వ పడితే నల్లటి మచ్చ పడుతుంది, మహా అయితే చిన్న కన్నం. చేత్తో దులిపేసే టైము ఉంటుంది. అలాగని అది నిప్పంటుకోని గుడ్డ కాదు, తిన్నగా మంట తగిలితే అదీ కాలుతుంది.

ఇప్పుడు అసలు మాట. గుడ్డ కొనడానికి చిక్‌పేట పరిగెత్తకండి. ముందు పొయ్యి, పైపు ఇంట్లోకి రావాలి. అందరూ గుడారం కుట్టేసి, తర్వాత పొయ్యి ఎక్కడ పెట్టాలా అని చూస్తారు. అప్పుడు పైపు సరిగ్గా కుట్టు మీదికో, మూల నవారు మీదికో వస్తుంది. 1856లో అమెరికా సైన్యంలో సిబ్లీ అనే అధికారి శంకువు ఆకారం గుడారానికి పేటెంటు తీసుకున్నాడు. దానికి తగ్గట్టు రేకు పొయ్యి కూడా ఉండేది. రెండూ ఒకదానికొకటి అన్నట్టుగా కుదిరాయి. మనమూ పైపు ఎక్కడి నుంచి లేస్తుందో గీసుకుని, దాని చుట్టూ గుడారం కడదాం.

పొయ్యి 40 సెం.మీ. పొడవు, 20 వెడల్పు ఉంటే ముగ్గురికి చాలు. పైపు 65 మి.మీ. వ్యాసం. పైపు కోసం ఎస్పీ రోడ్డు వైపు వెళ్తే దుకాణంవాళ్ళు ముందు జీఐ పైపు చేతిలో పెడతారు, చవక కాబట్టి. తీసుకోకండి. దాని మీది జింకు పూత బాగా వేడెక్కితే వచ్చే పొగ మంచిది కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు చుట్టించిన పైపు, అర మీటరు ముక్కలు నాలుగైదు తీసుకోండి. పై ముక్క మూతి కింది ముక్క లోపలికి దిగేలా అమర్చాలి. అప్పుడు పైపులో కారే తారులాంటి జిడ్డు లోపలే కారుతుంది, బయటికి వచ్చి గుడ్డ మీద పడదు. పైపు చివర రవ్వలు ఆపే స్టీలు జాలీ తప్పనిసరి. అది మసితో మూసుకుపోతుంది, రోజూ ఉదయం దులపాలి.

ఆకారం: పిరమిడ్. నాలుగు గోడలు, మధ్యలో ఒక గడ. కుట్టడం తేలిక, గాలికి నిలబడుతుంది. ముగ్గురికీ పొయ్యికీ కలిపి అడుగు 2.8 మీటర్ల చదరం, ఎత్తు 2.1 మీటర్లు పెట్టుకోండి. లెక్క నేను వేసిపెడతాను. ఒక్కో గోడ త్రికోణం. అడుగు 2.8, మధ్యలో ఏటవాలు ఎత్తు 2.52, మూల అంచు 2.89 మీటర్లు. నాలుగు గోడలూ కలిపి 14 చదరపు మీటర్ల పైచిలుకు.

ఒక్కో గోడని నిలువుగా సగం చేస్తే రెండు లంబకోణ త్రికోణాలు వస్తాయి, అడుగు 1.4, నిలువు 2.52. 60 అంగుళాల పన్నా, అంటే 152 సెం.మీ. గుడ్డని 2.65 మీటర్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని ఐమూలగా కత్తిరిస్తే రెండు సగాలూ కుట్టు మడతలతో సహా అందులో ఇమిడిపోతాయి. నాలుగు ముక్కలు, 10.6 మీటర్లు. అడుగున నేలకి ఆనే పావడాకి ఇంకో 2 మీటర్లు. తలుపు పట్టీలకీ మాసికలకీ కలిపి మొత్తం 14 మీటర్లు తీసుకోండి. 250 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 250 గ్రాముల బరువుండే కాన్వాస్ అయితే కుట్టిన గుడారం ఐదు కిలోల దరిదాపుల్లో తేలుతుంది. లంబసింగి చలికి అంతకంటే మందం అక్కర్లేదు.

ఇక్కడే నా మొదటి గుడారం మునిగింది. నాలుగు ముక్కల్నీ ఒకే వైపు ఐమూలగా కత్తిరించాను. అలా చేస్తే ఎనిమిది త్రికోణాలూ ఎడమచేతి వాటంవే వస్తాయి. మనకి కావాల్సింది నాలుగు ఎడమ, నాలుగు కుడి. మామూలు కోరా కాన్వాస్ అయితే తిప్పి వేసుకోవచ్చు, రెండు వైపులా ఒకటే. నేను కొన్నది ఒక వైపు పూత ఉన్న గుడ్డ. డబ్బులు పోశాను కదా అని అలాగే కుట్టేశాను. ఒక పట్టీ మెరుస్తూ, ఒక పట్టీ వెలవెలబోతూ సర్కస్ డేరాలా తయారైంది. పొయ్యి వెలిగించగానే లోపలి వైపున్న పూత వాసన. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని చారల గుడారం అనే అంటుంది. రెండు ముక్కలు ఇటు ఐమూల, రెండు ముక్కలు అటు ఐమూల. చాక్‌తో పెద్ద అక్షరాల్లో ‘ఎ’, ‘కు’ అని రాసుకున్నాకే కత్తెర పట్టండి.

కత్తిరించే ముందు గుడ్డని తడిపి ఆరబెట్టాలి. కోరా గుడ్డ ముడుచుకుంటుంది. నూటికి ఐదు ముడుచుకున్నా రెండున్నర మీటర్ల మీద 12 సెం.మీ. పోతుంది. కుట్టాక ముడుచుకుంటే పావడా గాల్లో తేలుతుంది.

ఐమూల కోసిన అంచు సాగుతుంది, తిన్నటి అంచు సాగదు. అందుకే తిన్నటి అంచులు గోడ మధ్య కుట్టుకి, ఐమూల అంచులు నాలుగు మూలలకి రావాలి. ఆ మూలల లోపలి వైపు నూలు నవారు వేసి కుట్టండి, మన నవారు మంచాలకి వాడేదే, సన్నది. నవారుని కాస్త బిగబట్టి కుడితే గుడారం నిలబెట్టినప్పుడు బరువంతా నవారు మోస్తుంది, గుడ్డ జారదు. రాజా మార్కెట్ వైపు కుట్టు సామాను దుకాణాల్లో నవారు, దారం, సూదులు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. గడకి వెదురైతే బాంబూ బజార్.

కుట్టు జీన్స్ ప్యాంటు కాలి కుట్టు లాంటిదే కావాలి. రెండు అంచులూ ఒకదాన్నొకటి కౌగిలించుకుని మడత పడి, పైన రెండు వరసలు. ఒంటి కుట్టు వానకి నిలవదు. కుట్టుకి నాలుగు పొరలు వస్తాయి, కాలి మిషన్ దాన్ని హాయిగా తొక్కుతుంది. ఈ పనికి కొత్త మోటారు మిషన్ల కంటే అమ్మగారి నల్ల మిషనే మేలు. నెమ్మదిగా వెళ్తుంది, సూది దెబ్బ గట్టిగా ఉంటుంది, వేడెక్కదు. 16 లేదా 18 నంబరు సూది, కుట్టు పొడవు మూడున్నర నాలుగు మిల్లీమీటర్లు. దారం లోపల పాలియెస్టర్, పైన నూలు చుట్టినది. తడిసినప్పుడు నూలు ఉబ్బి సూది కన్నాన్ని కాస్త పూడుస్తుంది. అంచు దారాలు ఊడకుండా వేసే ఓవర్‌లాక్ అవసరం లేదు. సూదులు ఎక్కువగా విరిగేది మందానికి కాదు, బరువుకి. ఐదు కిలోల గుడ్డ మిషన్ పక్కనుంచి కిందికి వేలాడుతుంటే అది సూదిని పక్కకి లాగుతుంది. మిషన్ ఎడమ పక్కన, వెనక పక్కన మంచమో బల్లో వేసి గుడ్డని దాని మీద ఆనించండి. ఇంకో మనిషి పట్టుకుంటే మరీ మంచిది.

శిఖరం దగ్గర అందరూ ఇరుక్కుంటారు. ఎనిమిది ముక్కల మొనలు, అన్ని కుట్టు మడతలు, పైన నవార్లు ఒక్క బిందువులో కలిస్తే అది గుడ్డ కాదు, కర్రముక్క. ఏ మిషనూ తొక్కదు. మొన నుంచి 12 సెం.మీ. కిందికి కోసి పారేయండి. నవార్లు నాలుగూ మాత్రం పైకి సాగనిచ్చి ఒక ఇనుప రింగుకి చేత్తో కుట్టండి. దాని మీద విడిగా చిన్న టోపీ కుట్టి, ఒక వైపు పుల్ల పెట్టి ఎత్తేలా ఉంచండి. గడ మొన ఆనే చోట తోలు ముక్క వేయండి. ఆ కోసిన మొనే మీకు పై కిటికీ, వేడి గాలీ తేమా పోయే దారి. ఎంత చలేసినా దాన్ని మూయకూడదు.

తలుపు కోసం ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. ముందు గోడ మధ్య కుట్టు వేయకుండా వదిలేస్తే అదే తలుపు. రెండు పక్కలా 20 సెం.మీ. పట్టీలు కలిపి ఒకదాని మీద ఒకటి పడేలా చేసి నాడాలు కట్టండి. జిప్పు నాకు నచ్చదు. కంగారులో బయటికి రావాల్సి వస్తే ఇరుక్కునేది అదే.

ఇక పైపు బయటికి వెళ్ళే చోటు. దీన్ని బయట స్టవ్ జాక్ అంటారు, మా ఇంట్లో పైపు మాసిక. సిలికాన్ పూత పూసిన గాజునార గుడ్డ కావాలి. వెల్డింగ్ రవ్వలకి అడ్డం కట్టే గుడ్డలు అమ్మే సేఫ్టీ సామాను దుకాణాల్లో అడగండి. సిలికాన్ పూత 260 డిగ్రీల వరకు, లోపలి గాజునార 500 పైన కూడా తట్టుకుంటుంది. అడిగి, పూత ఉన్నదే తీసుకోండి. పూత లేనిదైతే నార రాలి ఒళ్ళంతా దురద. పూత ఉన్నదాన్నైనా కత్తిరించేటప్పుడు మాస్కు, చేతికి గ్లవ్స్ ఉండాలి.

మాసిక ఎంత ఉండాలి? అడ్డంగానూ నిలువుగానూ ఒక అడుగు చాలని చాలామంది చెప్తారు. గోడ నిటారుగా ఉంటే ఫరవాలేదు. మనది ఏటవాలు, పైపు నిటారు. పైపు మధ్య గడ నుంచి వెనక గోడ వైపు 60 సెం.మీ. దూరంలో లేస్తే, 1.2 మీటర్ల ఎత్తులో గుడ్డని దాటుతుంది. కన్నానికి కింద, లోపలి వైపు, పైపు గుడ్డకి దగ్గరవుతూ వస్తుంది. కన్నానికి పైన, బయటి వైపు, గుడ్డ పైపుకి దగ్గరగా ఉంటుంది. నూలు గుడ్డ పైపుకి అర అడుగు దూరంలో ఉండాలని నా నియమం, అంటే 15 సెం.మీ. పైచిలుకు. ఆ లెక్కన కన్నానికి పైనా కిందా 27 సెం.మీ. చొప్పున, పక్కలకి 15 చొప్పున కావాలి. మొత్తం వెడల్పు 36.5, పొడవు 66. చదరం కాదు, పొడుగుది.

కన్నం గుండ్రంగా ఉండదు. 56 డిగ్రీల వాలు మీద 65 మి.మీ. పైపు దూరాలంటే కోడిగుడ్డులా అడ్డం 65, నిలువు 117 మి.మీ. కావాలి. కాగితం మీద గీసి, కోసి, పైపుకి తొడిగి చూసి అప్పుడు గాజుగుడ్డ కొయ్యండి. ముందు కాస్త చిన్నగా కోసి తర్వాత సరిచేసుకోండి. కన్నం చుట్టూ వానలో నాలుగు చుక్కలు లోపలికి జారతాయి, పొయ్యి మీద పడి చుయ్‌మంటాయి. దానికి కంగారు పడకండి.

మాసిక ఎక్కడ పడాలి? గోడ మధ్య కుట్టు మీద పడకూడదు, మూల నవారుని తాకకూడదు. మధ్య కుట్టు నుంచి 22 సెం.మీ. పక్కకి జరిపితే సగం ముక్కలో సరిగ్గా ఇముడుతుంది. ముందు మాసికని గుడ్డ మీద పెట్టి నాలుగు అంచులూ రెండు వరసలు కుట్టండి, ఆ తర్వాత వెనక నూలు గుడ్డని లోపలి వరసకి దగ్గరగా కోసేయండి. ఇది విడి ముక్కగా ఉన్నప్పుడే చేయాలి, గోడలు కలిపాక మిషన్ కింద పట్టదు. గాజుగుడ్డని గట్టిగా మడిస్తే మడతలో విరుగుతుంది. గుడారం చుట్టేటప్పుడు ఆ భాగం చుట్టలో పడాలి, మడతలో కాదు.

నా రెండో గుడారం ఇక్కడే పోయింది. మాసిక చిన్నది వేసి, గట్టిగా ఉంటుందని నైలాన్ దారంతో కుట్టాను. కుట్టు పైపుకి రెండు వేళ్ళ దూరంలో ఉంది. రామమూర్తినగర్‌లో మా మేడ మీదే నిలబెట్టి పొయ్యి వెలిగించా. పావుగంటకి ఒక పక్క దారం తెల్లటి పూసల్లా ముడుచుకోవడం మొదలైంది. చూస్తుండగానే మాసిక ఒక మూల వదులై పైపు మీదికి వాలింది. ఈలోగా కింది ఇంటి కన్నడ ఆయన ‘బెంకి, బెంకి’ (నిప్పు, నిప్పు) అని అరుస్తూ బకెట్టుతో మెట్లెక్కి వచ్చి, నేను వద్దనేలోపే నీళ్ళు పొయ్యి మీద కుమ్మరించాడు. రేకు వంకర పోయింది. ఆయన చేసింది తప్పని నేను అనలేను.

వానకి ఏం పూయాలి? మైనం వద్దు, పొయ్యి గుడారానికి అది నూనె గుడ్డతో సమానం. పాతకాలం పద్ధతి ఉంది: బట్టల సబ్బు తురిమి వేడినీళ్ళలో కరిగించి గుడ్డ ముంచి ఆరబెట్టి, తర్వాత పటిక నీళ్ళలో ముంచడం. రెండూ కలిసి నారలో నీటిని అంటనివ్వని పొర ఏర్పడుతుంది, గుడ్డకి గాలి ఆడుతూనే ఉంటుంది. మంచుకీ జల్లుకీ చాలు. మాసిక ఉన్న ఆ సగం ముక్కకి మాత్రం పటిక వేయకుండా, నిప్పుని ఆలస్యం చేసే మందు పట్టిస్తాను: 7 పాళ్ళు వెలిగారం, 3 పాళ్ళు బోరిక్ పౌడరు, 100 పాళ్ళ వేడి నీళ్ళు. క్యారమ్ బోర్డు మీద చల్లుకునేది ఆ బోరిక్ పౌడరే. కడుపులోకి పోకూడదు, పిల్లలకి అందకుండా కలపండి. వానకి కొట్టుకుపోతుంది, తడిసినప్పుడల్లా మళ్ళీ పట్టించాలి.

ఇక మీరు అడగనిది. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునేదాని కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకుని, పొద్దున లేవనివాళ్ళ వార్త ఏటా ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉంటాం. పైపు ఉన్న పొయ్యికీ కుంపటికీ తేడా ఆ పైపే. పైపు మూసుకుపోయినా, ఎదురు గాలికి పొగ వెనక్కి తన్నినా మీ పొయ్యి కూడా కుంపటే. అందుకని పైపు మూతి గుడారం మొన కంటే ఒక అడుగు పైకి ఉండాలి, మూడు వైపుల నుంచి తీగతో కట్టాలి. పై కిటికీ సరే, కింద గాలి వచ్చే దారి కూడా కావాలి. పొయ్యి వెనక పావడాని అరచేయంత మేర ఎత్తి రాయి పెట్టండి. బ్యాటరీతో పనిచేసే అలారం కొని పడుకునే తలల ఎత్తులో వేలాడదీయండి. నిప్పులు ఆరాకే నిద్ర. బొగ్గులు పళ్ళెంలోకి తీసి లోపల పెట్టుకోవడం ఒక్క నిమిషం కూడా వద్దు. బయట ఒక బకెట్టు నీళ్ళు, తల దగ్గర పదునైన కత్తి. కత్తి ఎందుకంటే, తలుపు వైపు మంట ఉంటే గోడ చీల్చుకుని బయటపడాలి. పద్నాలుగు మీటర్ల గుడ్డ మళ్ళీ కొనుక్కోవచ్చు.

కట్టెలు ఎండినవి, సన్నగా చీల్చినవి. సరుగుడు, తుమ్మ బాగా కాలతాయి. కాఫీ తోట కాబట్టి కొట్టేసిన సిల్వర్ ఓక్ కొమ్మలు దొరకొచ్చు, తోటవాళ్ళని అడిగి, ఎండినవే ఏరుకోండి. ఇది తోటలోనే సుమా. దారిలో కర్ణాటకలో ఎక్కడైనా ట్రెక్కుకి ఆగి అడవిలో ప్రయత్నిద్దాం అనుకోకండి, 1963 నాటి కర్ణాటక అటవీ చట్టం కింద రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. లంబసింగి చుట్టుపక్కల అడవిలోనూ అంతే.

పొయ్యిని మొదటిసారి గుడారంలో వెలిగించవద్దు. ఆరుబయట గంటసేపు మండించండి, రేకు మీది నూనె, పూత అంతా పొగై పోతుంది. మీది అపార్టుమెంటు అయితే మేడ మీద వద్దు, ఊరి బయట ఎవరిదైనా స్థలం చూసుకోండి. కింది ఇంటివాళ్ళకి ముందే చెప్పినా ఎవరో ఒకరు బకెట్టుతో వస్తారు.

పొయ్యి కొన్నాక దాని ఎత్తు, పైపు బయటి వ్యాసం కొలిచి పెట్టండి. పైన ఇచ్చిన 60, 22, 117 అంకెలు నా 65 మి.మీ. పైపుకి, కాళ్ళతో సహా 45 సెం.మీ. ఎత్తున్న పొయ్యికి వేసినవి. మీది వేరే అయితే మాసిక స్థానం మారుతుంది, నేను మళ్ళీ గీసి ఇస్తాను.